మా బోటు తాగిన నీళ్లు

పెద్ద ఇంజన్ పెట్టిద్దామనే బోటును గట్టెక్కించాను. 2025 ఏప్రిల్ నాటి సంగతి. మాది ముప్పై నాలుగు అడుగుల ఫైబర్ బోటు. మా నాయన చెన్నై కాశీమేడులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. మధ్యలో చిన్న కేబిన్, దాని కింద నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్, ముందువైపు ఐసు పెట్టుకునే గది. కొన్న కొత్తలో బాగానే ఉరికేది. రెండేళ్లుగా మాత్రం బరువెక్కిన ఎద్దుబండిలా ఈడుస్తోంది. జువ్వలదిన్నె వైపు నుంచి వచ్చే కొత్త బోట్లు పక్కనుంచి దాటిపోతుంటే బోటులో పనిచేసే మా కళాసీలు నా మొహం చూసేవాళ్లు. దానికి తోడు ఇంజన్ మాటిమాటికీ వేడెక్కడం, డీజిల్ ఎక్కువ తాగడం. నాకు తోచిన వైద్యం ఒక్కటే, ఇంకా పెద్ద ఇంజన్. షావుకారుతో మాట్లాడి అడ్వాన్సు కూడా ఖాయం చేసుకున్నాను. షావుకారు దగ్గర డబ్బు తీసుకుంటే ఆ ఏడాదంతా చేప ఆయనకే పోయాలి, ఆయన చెప్పిన రేటుకే. తెలిసే తీసుకున్నాను.

మా ఊరు మైపాడు దగ్గర. అక్కడి ఒడ్డున ట్రాక్టరుతో ఇసుకలోకి లాగేసే చిన్న బోట్లకే చోటు. ఇంత పెద్దదాన్ని కృష్ణపట్నం దగ్గర కండలేరు పాయలో కట్టేసుకుంటాం. రిపేరు చేసే యార్డూ ఆ పాయ గట్టు మీదే. యార్డు అనగానే షెడ్లూ క్రేన్లూ ఊహించుకోవద్దు. నాలుగు సర్కారు తుమ్మచెట్లు, ఒక తాటాకు పందిరి, ఒక కరెంటు మీటరు, బోట్లు లాగే తుప్పు పట్టిన వించి. అంతే.

తూర్పు తీరంలో వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఇంజన్ బోట్లన్నీ ఒడ్డునే ఉండాలి. మాకు రిపేర్లు చేసుకునే కాలం కూడా అదే. అందుకే యార్డులో చోటు కోసం జనవరి నుంచే చెప్పిపెట్టుకోవాలి. బోటును పైకి లాగాలంటే పౌర్ణమికో అమావాస్యకో లాగాలి. ఆ రోజుల్లో పోటు ఎక్కువ. నీళ్లు గట్టుకు ఎంత దగ్గరగా వస్తే మనం లాగే దూరం అంత తగ్గుతుంది. ఏప్రిల్ 12న చైత్ర పౌర్ణమి. పొద్దున పోటు మీద బోటును గట్టుకు చేర్చి, కింద దుంగలు పరిచి, ఒకవైపు వించి, ఇంకోవైపు అద్దెకు తెచ్చిన జేసీబీ పట్టుకుని లాగాం. మధ్యాహ్నానికల్లా బోటు ఇసుక మూటల మీదా ఆనుడు కర్రల మీదా నిలబడింది. నీళ్లలో ఉన్నప్పుడు చిన్నదిగా కనిపించే బోటు గట్టున నిలబెడితే ఏనుగంత ఉంటుంది. అడుగంతా గుల్లలు. గీకిన గుల్లలే మూడు గంపలు.

మంచినీళ్లతో కడిగి రెండు రోజులు ఎండనిచ్చాక మేస్త్రి వచ్చాడు. వరసకు నాకు మామ అవుతాడు. కుర్రతనంలో కాశీమేడు యార్డుల్లో పనిచేసిన మనిషి. చేతిలో మీటరు లేదు, మిషన్ లేదు. జేబులోంచి పాత రూపాయి బిళ్ల తీశాడు. అణియం, అంటే బోటు ముందుకొన, దగ్గర మొదలుపెట్టి, జానెడు జానెడు దూరంలో బోటు ఒళ్లంతా ఆ బిళ్లతో కొడుతూ నడిచాడు. సంతలో కుండ కొనే ఆడవాళ్లు వేలితో కొట్టి చూస్తారే, అచ్చం అలాగే. ముందువైపంతా ఠంగ్ ఠంగ్ అని గట్టిగా పలికింది. అమరం, అంటే వెనకకొన, దగ్గరకొచ్చేసరికి శబ్దం మారింది. తడి గోడను కొట్టినట్టు డబ్ డబ్.

"విన్నావా అల్లుడూ?"

"ఏంది మామా?"

"ఇక్కడ పలికింది, ఇక్కడ పలకలా. లోపల చెక్క పోయింది."

సుద్దముక్కతో పలకని చోటల్లా గీత గీసుకుంటూ పోయాడు. గంట తర్వాత చూస్తే అమరం పలక ముప్పాతిక భాగం సుద్ద గీతలే.

ఫైబర్ బోటంటే మొత్తం ఫైబరే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఫైబర్ కుళ్లదు, తుప్పు పట్టదు, పురుగు తినదు, ఇంకేం భయం అని. నిజానికి వెనక పలకకూ ఇంజన్ కూర్చునే దిమ్మెలకూ బలం కావాలి కాబట్టి మధ్యలో ప్లైవుడ్డో చెక్కో పెట్టి, దానికి రెండువైపులా ఫైబర్ పొర వేస్తారు. పైపొరలో ఎక్కడైనా చిన్న బెజ్జం పడితే ఉప్పునీరు మెల్లగా లోపలికి దిగుతుంది. దిగిన నీరు మళ్లీ బయటికి రాదు. రెండు ఫైబర్ పొరల మధ్య చెక్క ఏళ్ల తరబడి నానుతూ ఉంటుంది. బయట పెయింటు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.

నాకు నమ్మకం కలగలేదు. సందేహం తీర్చడానికి మేస్త్రి డ్రిల్లు తీసుకుని పలక అడుగున లోపలివైపు నుంచి పెన్సిలు మందాన ఒక బెజ్జం వేశాడు. మొదట ముద్దలాంటి నల్లటి చెక్కపొట్టు వచ్చింది. డ్రిల్లు వెనక్కి లాగగానే డికాక్షన్ రంగులో నీళ్లు కారాయి. పులిసిన వాసన. చుక్కలు కాదు, ధారే. కింద పెయింటు డబ్బా పెట్టి ఇంటికెళ్లి, మర్నాడు పొద్దున వచ్చి చూస్తే డబ్బా సగం నిండింది, ఇంకా కారుతూనే ఉంది.

మరి నీళ్లు ఎక్కడినుంచి దిగాయి? పలక పైభాగాన నాలుగు స్క్రూలు దొరికాయి. వల లాగే రోలర్ స్టాండు కోసం ఆరేడేళ్ల కిందట బిగించినవి. స్క్రూ బిగించేటప్పుడు బెజ్జంలో సీలెంటు పెట్టలేదు, ఏమీ పెట్టలేదు. ఎవడు బిగించాడో ఆ పనిమంతుడు అని మేస్త్రి తిట్టడం మొదలుపెట్టాడు. నేను కాసేపు విని, ఆ పనిమంతుణ్ణి నేనే అని ఒప్పుకున్నాను.

తర్వాత ఐసు గది. గోడల మధ్య చల్లదనం పోకుండా ఫోమ్ నింపి ఉంటుంది. లోపలి పొర కోసి చూస్తే ఆ ఫోమ్ కూడా నీళ్లు పీల్చుకుని స్పాంజిలా ఉంది. అడుగున్నర వెడల్పు ముక్కొకటి తీసి చేపల కాటా మీద పెట్టాం. పొడిగా ఉంటే కిలో కూడా తూగని ముక్క తొమ్మిది కిలోలు చూపించింది. మా కళాసీ ఒకడు కాటా చెడిపోయిందనుకుని తాను ఎక్కి చూసుకున్నాడు. కాటా బాగానే ఉంది. రెండు రోజులపాటు ఫోమ్ పీకి బయట పోస్తే, మా లెక్కకు దగ్గర దగ్గర నాలుగు వందల కిలోల నీళ్లు ఈ గోడల్లోనే తిరుగుతున్నాయి. అంటే ప్రతి వేటకూ కూలి తీసుకోని ఆరుగురు మనుషుల్ని ఊరికే ఎక్కించుకుని తిప్పుతున్నామన్నమాట. ఐసు ఎందుకు తొందరగా కరుగుతోందో కూడా అప్పుడు అర్థమైంది. తడి ఫోమ్ వేడిని ఆపదు.

ఇంత చూశాక కూడా పెద్ద ఇంజన్ మీద నా ఆశ చావలేదు. మా తమ్ముడి కొడుకు ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదువుతున్నాడు. వాడు వచ్చి ఫోనులో లెక్క కట్టి చూపించాడు. మా బోటులాగా నీళ్లను చీల్చుకుంటూ నడిచే బరువు బోటుకు వేగం హద్దు దాని నిడివిని బట్టే ఉంటుందట. నీటి గీత దగ్గర బోటు నిడివి ఎన్ని అడుగులో దానికి వర్గమూలం తీసి 1.34తో గుణిస్తే ఆ హద్దు నాట్లలో వస్తుంది. మాది నీటి గీత దగ్గర ముప్పై అడుగులు. ఏడు నాట్ల పైన కొంచెం, అంటే గంటకు పదమూడు, పద్నాలుగు కిలోమీటర్లు. "ఆ వేగానికొచ్చేసరికి ముందు లేచిన అలకూ వెనక లేచిన అలకూ మధ్య గుంటలో పడుతుంది పెదనాన్నా. ఇంకా పెద్ద ఇంజన్ పెడితే గుంట లోతవుతుంది, డీజిల్ కాలుద్ది, బోటు మాత్రం ఆ గుంట దాటి ఎక్కదు" అన్నాడు. పాత రోజుల్లో మా బోటు ఏడు నాట్లు నడిచేదే. ఇప్పుడు అయిదు. పోయిన రెండు నాట్లూ ఎక్కడ పోయాయో పెయింటు డబ్బాలో కనిపిస్తూనే ఉంది. షావుకారుకు ఫోన్ చేసి, ఇంజన్ కొనడం లేదు, ఉన్నదాన్నే బాగు చేయిస్తాను, అడ్వాన్సు సగం చాలు అన్నాను. ఆయనకు అంత నచ్చలేదు.

పాత ఇంజన్ను నెల్లూరు ఆటోనగర్‌కు పంపాం. లైనర్లు మార్చి, ఇంజెక్టర్లు సరిచేసి, కూలర్ గొట్టాలు విప్పితే లోపల ఉప్పు పేరుకుని వేలు కూడా దూరడం లేదు. వేడెక్కడానికి కారణం అది. సముద్రపు నీళ్లు లాగే పంపులో రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు రెండు విరిగి ఉన్నాయి. ఒక షాపువాడు వేరే సైజు ఇంపెల్లర్ అంటగట్టాడు, అది మార్చుకోవడానికి నాలుగు రోజులు తిరిగాను. ఇంజన్ కథ ఇంతకంటే చెప్పడానికేం లేదు, డబ్బు పోసే కొద్దీ బాగుపడింది.

అసలు పని ఫైబర్‌ది. బయటి పొరను అలాగే ఉంచి, లోపలి పొరను కట్టర్‌తో కోసి తీసేశాం. కుళ్లిన చెక్కను ఉలితో గీకితే నానబెట్టిన అటుకుల్లా చేతికొచ్చింది. అలా మిగిలిన డొల్లను వారం రోజులు ఎండబెట్టాం. మధ్యలో ఓ సాయంత్రం గాలివాన కొట్టి పట్టా ఎగిరిపోయింది. మళ్లీ మొదటి నుంచి అయిదు రోజులు ఎండబెట్టాల్సి వచ్చింది. ఫైబర్ పొరను అతికించి గట్టిపరిచే జిగురు రెసిన్, తడి మీద అది పట్టదు. పట్టినట్టు కనిపిస్తుంది, ఏడాదికి ఊడుతుంది. ఈ అయిదు రోజులూ నాకు టెన్షన్‌తో నిద్ర లేదు. యార్డులో మా తర్వాత ఇంకో బోటు కాచుకుని ఉంది, జూన్ దగ్గర పడుతోంది.

కొత్త పలకకు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తెచ్చాం, పద్దెనిమిది మిల్లీమీటర్లవి రెండు పొరలు. మామూలు ప్లై దానికంటే చాలా చవక, కానీ ఆ ముద్ర లేని ప్లై తెస్తే పని ముట్టనన్నాడు మేస్త్రి. ప్లైను బిగించాక దాని మీద మ్యాటూ రోవింగూ అనే గాజునార గుడ్డలు ఒకదాని మీద ఒకటి పరుస్తూ రెసిన్ పట్టించాలి. రెసిన్ గట్టిపడటానికి రెండు మందులు కలుపుతారు. ఒకటి కోబాల్టు, ఊదా రంగులో ఉంటుంది. ఇంకోటి కెటలిస్టు, నీళ్లలా తెల్లగా ఉంటుంది. ముందు కోబాల్టును రెసిన్లో బాగా కలిపేశాకే కెటలిస్టు పోయాలి. ఆ రెండూ నేరుగా ఒకదానితో ఒకటి కలిస్తే భగ్గుమంటాయి. హెల్పర్ కుర్రాడు ఒకసారి రెండు సీసాలనూ ఒకే డబ్బాలో పక్కపక్కన పెట్టాడు. అప్పటిదాకా గొంతు పెంచని మేస్త్రి వాణ్ణి యార్డు అవతలి దాకా తరిమాడు.

ఎండలకు ఆ కెటలిస్టు మందు ఎంత వేయాలన్నది చెయ్యి తిరిగినవాడికే తెలుస్తుంది. చల్లటి పూట కిలో రెసిన్‌కు ఇరవై గ్రాములు పోసినా చేతికి పని చేసుకునే టైము ఉంటుంది. మేలో నెల్లూరు ఎండకు అందులో సగం చాలు. అందుకని పొద్దున్నే మంచు తడి ఆరగానే మొదలుపెట్టి తొమ్మిదికల్లా ఆపేసేవాళ్లం. సాయంత్రం చల్లగా ఉంటుంది కదా అంటే, అప్పుడు సముద్రపు గాలి తేమను మోసుకొస్తుంది. రోజుకు మూడు గంటల పని. మిగతా టైమంతా పందిరి కింద మజ్జిగ తాగుతూ బోటును చూస్తూ కూర్చోవడమే.

మేస్త్రి ఎవరిదో పెళ్లికని రెండు రోజులు వెళ్లాడు. ఖాళీగా ఉండలేక నేను మగ్గులో రెసిన్ కలిపాను. మందు కొంచెం ఎక్కువ పడితే ఏమవుతుందిలే, తొందరగా ఆరుతుంది అనుకున్నాను. ఒక చారెడు మ్యాట్ తడిపి రెండోసారి బ్రష్ ముంచేసరికి బ్రష్ మగ్గులో ఇరుక్కుపోయింది. మగ్గు పట్టుకోలేనంత వేడి. పొగలు వచ్చాయి, తర్వాత మగ్గు టప్‌మని పగిలింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, నాకు కృత్తికలోనే మగ్గు పగిలింది. అంతటితో పోలేదు. అప్పటికే పూసిన చోట రెసిన్ కుతకుత ఉడికి, ఆరాక వెంట్రుకల్లా బీటలు వచ్చాయి. మేస్త్రి తిరిగొచ్చి బీటలు చూశాడు, నా చేతులు చూశాడు, ఏమీ అనకుండా గ్రైండర్ నా చేతికిచ్చాడు. ఆ భాగమంతా నేనే అరగదీశాను. గాజు నూగు మెడ మీద, మోచేతి మడతల్లో దిగి మూడు రాత్రులు దురద. వేడినీళ్లతో స్నానం చేస్తే ఇంకా లోపలికి దిగుతుందట, ఆ సంగతి స్నానం చేశాక చెప్పారు. ముందే ఒంటికి కొబ్బరినూనె రాసుకుని, తర్వాత చన్నీళ్లు పోసుకోవాలి.

పలక అయ్యాక రోలర్ స్టాండు మళ్లీ బిగించాలి కదా. ఈసారి మేస్త్రి చేసిన తీరు నేను కుర్చీ వేసుకుని మరీ చూశాను. బోల్టు కంటే రెట్టింపు లావు బెజ్జం వేశాడు. ఆ బెజ్జాన్ని పొడి కలిపిన చిక్కటి రెసిన్‌తో పూర్తిగా పూడ్చేశాడు. అది రాయిలా అయ్యాక దాని నడుమ బోల్టు పట్టేంత సన్నటి బెజ్జం వేశాడు. ఇక బోల్టు చుట్టూ ఉండేది రెసినే, చెక్క కాదు. నీళ్లు దిగినా చెక్కను తాకవు. పది నిమిషాల పని ఇది. నాకు ఆరేడేళ్ల కిందట ఆ పది నిమిషాలు లేవు.

వైరింగ్ మొత్తం పీకేశాం. ఇంటికి వాడే వైర్లే బోటుకీ వేసి ఉన్నారు. తొడుగు ఒలిచి చూస్తే లోపల రాగి తీగ జానెడు దూరం దాకా పచ్చగా చిలుం పట్టింది. ఈసారి తగరం పూత ఉన్న వైరు, ఎడమకు ఎర్ర లైటు, కుడికి ఆకుపచ్చ, అడుగున నీళ్లు చేరితే దానంతట అదే తిరిగే పంపు. మత్స్యశాఖ వాళ్లు ఉచితంగా బిగించే, ఇస్రో తయారు చేసిన ట్రాన్స్‌పాండర్ మా బోటు మీదా ఉంది. ఫోన్ సిగ్నల్ లేని చోటినుంచి కూడా ఉపగ్రహం ద్వారా కబురు పంపుతుంది. పాత వైరింగ్‌తో దానికి సరిగ్గా కరెంటే అందేది కాదు. ఐసు గదికి కొత్త ఫోమ్, చుక్కాని దగ్గర కొత్త జింకు దిమ్మలు. ఉప్పునీటిలో ఇత్తడీ ఇనుమూ పక్కపక్కన ఉంటే ఇత్తడి ఇనుమును తినేస్తుంది. దాని బదులు తినబడటానికి జింకును పెడతాం.

మొత్తం ఖర్చు నాలుగు లక్షల అరవై వేలు. అందులో ఫైబర్ పని ఒక్కటే లక్షా అరవై వేలు, ఇంజన్ లక్షా నలభై వేలు. నేను మొదట అనుకున్న కొత్త ఇంజన్ ఒక్కదానికే ఇంతకు మించి అయ్యేది. పెట్టినా కుళ్లిన దిమ్మెల మీదే పెట్టేవాణ్ణి. ఆ ఏడాది మా కళాసీల ఇళ్లకు వేట విరామ భృతి ఇరవై వేల చొప్పున పడింది కాబట్టి వాళ్లు నన్ను అడ్వాన్సులు అడగలేదు, అదొక్కటి కలిసొచ్చింది.

జూన్ 11, ఏరువాక పున్నమి. పైన ఊళ్లలో రైతులు ఎద్దులకు పసుపు పూసుకుంటుంటే మేము బోటుకు పూశాం. గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి పోటు మీద నీళ్లలోకి తోశాం. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను అమరం వైపు పరిగెత్తాను. అడుగుకు కొత్త పెయింటు వేసినా, పైన పక్కల మీద పాత నీటి మరక సన్నటి గీతలా మిగిలింది. నీళ్లు ఆ గీతకు రెండు వేళ్లు కిందున్నాయి. మేస్త్రి వంగి తన వేళ్లు అక్కడ ఆనించి చూపించాడు.

నీళ్లలోకి దింపాక వెంటనే ఇంజన్ తిప్పనివ్వలేదు. బోటు గట్టున కర్రల మీద ఒక ఆకారంలో ఉంటుంది, నీళ్లలో తేలినప్పుడు సర్దుకుని ఇంకో ఆకారంలోకి వస్తుంది. అందుకని ఒక రోజంతా తేలనిచ్చి, అప్పుడు ఇంజన్ కప్లింగూ, ఫ్యాను తిప్పే షాఫ్టు కప్లింగూ కలిసే చోట పైన, కింద, ఎడమ, కుడి నాలుగు దిక్కుల్లోనూ సన్నటి గేజ్ రేకులు దూర్చి సందు కొలిచారు. నాలుగు చోట్లా తేడా నాలుగు థౌలు, అంటే మిల్లీమీటరులో పదో వంతు, దాటకూడదు. మాకు మొదట పదకొండు వచ్చింది. ఇంజన్ కాళ్ల కింద రేకులు పెట్టీ తీసీ, మెకానిక్ సాయంత్రం దాకా బోర్లా పడుకునే ఉన్నాడు. మూడుకు వచ్చాక లేచాడు.

ఇంజన్ తిప్పాం. షాఫ్టు బయటికి వెళ్లే గ్లాండు దగ్గర టప్ టప్‌మని నీళ్ల చుక్కలు. నా గుండె జారిపోయింది. ఇంత చేసి మళ్లీ నీళ్లా అని స్పానర్ అందుకోబోతే మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు. "కారనీ అల్లుడూ. ఆ చుక్కే దానికి చలవ. బిగించావంటే షాఫ్టును కోసేస్తది." షాఫ్టు తిరిగేటప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు పడాలి, ఆగినప్పుడు ఆగాలి. ఇంజన్ ఆపి కూర్చుని లెక్కపెట్టాను. ఆగింది.

జూన్ 14 అర్ధరాత్రి నిషేధం ముగిసింది. పాయలో కట్టిన బోట్లన్నీ ఒక్కసారిగా కదిలాయి, లైట్లతో తిరునాళ్లలా ఉంది. పాయ సముద్రంలో కలిసే మొగ దాటాక జీపీఎస్ చూశాను, ఆరు ముప్పావు నాట్లు. కళాసీలు ఈసారి నా మొహం చూడలేదు, అలిసిపోయి నిద్రపోయారు. వేట ముగించుకుని వెనక్కి వచ్చాక డీజిల్ లెక్క చూస్తే గంటకు రెండు లీటర్ల దాకా తగ్గింది. ఐసు దిమ్మలు ఇంకా సగం మిగిలాయి.

కేబిన్ తలుపు మాత్రం పడటం లేదు. గట్టు మీద ఉన్నప్పుడు కొలత తీసి చేసిన తలుపు, నీళ్లలోకి వచ్చాక పైమూల పట్టేస్తోంది. మేస్త్రికి ఫోన్ చేస్తే దసరాకి వస్తానన్నాడు. తాడుతో కట్టేసుకుంటున్నాం.